కన్ను ముందు, గన్ను తర్వాత

"పెయింట్‌బాల్‌లో రూల్స్ ఎన్నుంటయన్నా?" అని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. నా లెక్కలో ఉన్నది ఒక్కటే రూలు: కన్ను కాపాడుకోవడం. మిగతావన్నీ దాని పిల్లలే. గన్ను స్పీడు ఇంతకు మించకూడదన్నా, గొట్టానికి గుడ్డ తొడుగు వెయ్యమన్నా, తల దాచుకుని చెయ్యి మాత్రం బయటపెట్టి కాల్చొద్దన్నా, విజిల్ వినపడగానే ఉన్నచోటే ఆగమన్నా, ఏ తీగ లాగినా చివరికి కంటి దగ్గరికే వచ్చి ఆగుతుంది.

నేను హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఒక పెయింట్‌బాల్ గ్రౌండ్‌లో మార్షల్‌గా పనిచేస్తున్నాను. ఆట ఆడించడం, బంతి తగిలిందో లేదో తేల్చడం, మాస్కులు కడిగి ఆరబెట్టడం, సాయంత్రం గన్నులు విప్పి లోపల పేరుకున్న రంగు తుడవడం, అన్నీ మా పనే. శని, ఆదివారాల్లో ఐటీ కంపెనీల టీములు బస్సుల్లో దిగుతాయి. సెలవుల్లో కాలేజీ పిల్లలు వస్తారు. మధ్యమధ్యలో పుట్టినరోజు పార్టీలు, పెళ్లికి వారం ముందు పెళ్లికొడుకును వెంటేసుకొచ్చే స్నేహితులు. రామోజీ ఫిల్మ్‌సిటీలోని 'సాహస్' అడ్వెంచర్ పార్కులోనూ, ఊరి చుట్టూ ఉన్న కొన్ని రిసార్టుల్లోనూ ఈ ఆట ఉంది. ఏదో ఒకరోజు మీకో మీ పిల్లలకో పిలుపు రావచ్చు. గన్ను చేతికి తీసుకునేముందు తెలియాల్సిన సంగతులు కొన్ని చెబుతాను.

మూడు గ్రాముల బంతి

రెండు జట్లు, మధ్యలో గోడలు, డ్రమ్ములు, పాత టైర్లు, గాలి నింపిన దిమ్మెలు. వాటి చాటున దాక్కుంటూ, పరుగెత్తుతూ, ఎదుటి జట్టువాళ్ల ఒంటి మీద రంగు బంతి పగలగొట్టాలి. బంతి పగిలినవాడు ఆట నుంచి బయటికి. ఇంతే ఆట. కొన్నిసార్లు మధ్యలో జెండా పాతుతాం, దాన్ని ముందు తెచ్చుకున్న జట్టుది గెలుపు. కొన్నిసార్లు ఒక జట్టు కోట కాపలా కాస్తే, ఇంకో జట్టు దాని మీద పడుతుంది. ఒక్కో ఆట పది, పదిహేను నిమిషాల్లో తేలిపోతుంది.

పెద్దవాళ్లు ఆడే బంతి అడ్డకొలత 0.68 అంగుళం, అంటే 17 మిల్లీమీటర్ల పైచిలుకు. బరువు సుమారు 3 గ్రాములు. పైపెంకు జెలటిన్, మెత్తటి మందు గొట్టాలకు వాడేదే. లోపల పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే చిక్కటి ద్రవం, అందులో కలిపిన రంగు. బట్టల మీద పడితే నీళ్లతో పోతుంది, చర్మానికి హాని చెయ్యదు. అలాగని నోట్లో వేసుకునే వస్తువు కాదు. కుక్కలు వీటిని తింటే ఒంట్లో సోడియం విపరీతంగా పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. జేబుల్లో మిగిలిన బంతులు ఇంటికి తీసుకెళ్లొద్దని మేం అడిగేది అందుకే.

జెలటిన్ కదా, ఎండకు మెత్తబడుతుంది, తేమకు ఉబ్బుతుంది. జూలైలో ముసురు పట్టిన రోజున సంచి మూతి తెరిచి వదిలేస్తే బంతులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఉబ్బిన బంతి గొట్టంలో పట్టదు. లోపలే చితికి గన్నంతా జిగటజిగట అవుతుంది. మే నెలలోనైతే డబ్బాలను ఐస్ లేని కూలర్ పెట్టెలో, నీడన పెడతాం.

నేల మీద పడ్డ బంతులు ఏరుకుని మళ్లీ నింపుకోవడం నిషేధం. అవి అప్పటికే తేమ తాగి ఉంటాయి, పైన ఇసుక అంటుకుని ఉంటుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించి తెచ్చిన బంతులైతే ఇంకా అన్యాయం. బంతి పగిలితే దాని ఊపులో కొంత ఆ పగలడానికే ఖర్చవుతుంది. పగలకపోతే ఆ దెబ్బంతా ఒంటికే. అందుకే గ్రౌండ్‌లో ఇచ్చిన బంతులతోనే ఆడాలన్నది చాలాచోట్ల రూలు. అది మా వ్యాపారం కోసం పెట్టిందని కొందరు గొణుగుతారు. వ్యాపారమూ ఉంది, కాదనను. కానీ ఎవరి జేబులో ఏ బంతి ఉందో తెలియకుండా ఆట మొదలుపెట్టడానికి నేను ఒప్పుకోను.

గంటకు 300 కిలోమీటర్లు

మూడు గ్రాములే అనుకోకండి, దాని వేగం చూడండి. చాలాచోట్ల పాటించే గరిష్ఠ హద్దు సెకనుకు 300 అడుగులు. గంటకు లెక్కేస్తే 329 కిలోమీటర్లు. మా దగ్గర 280 అడుగులు దాటనివ్వం. అదీ గంటకు 307 కిలోమీటర్ల వేగమే. ఇరవై అడుగుల తేడా ఏపాటిది అనిపిస్తుంది గానీ, వేగం కాస్త పెరిగితే దెబ్బ చాలా పెరుగుతుంది. 280 నుంచి 300కి వెళ్తే బంతి మోసుకొచ్చే శక్తి సుమారు 15 శాతం ఎక్కువ.

దీన్ని కొలవడానికి క్రోనోగ్రాఫ్ అనే చిన్న పరికరం ఉంటుంది. గొట్టం మూతి దాని ముందు పెట్టి నాలుగైదు బంతులు కాలిస్తే అంకె కనిపిస్తుంది. ఎక్కువ వస్తే గన్ను వెనకున్న మరను చిన్న ఆలెన్ కీతో తిప్పి తగ్గిస్తాం. పొద్దున ఒకసారి చూసి వదిలేస్తే చాలదు, ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లతో నడిచే గన్నులకు. ఆ వాయువు సిలిండర్‌లో సగం ద్రవంగా ఉంటుంది, వేడి పెరిగేకొద్దీ లోపలి ఒత్తిడి పెరుగుతుంది. 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా నిలవదు, ఒత్తిడి ఇంకా వేగంగా ఎగబాకుతుంది. మన ఏప్రిల్ మధ్యాహ్నం సంగతి చెప్పేదేముంది! పొద్దున ఎనిమిదింటికి 270 చూపించిన గన్ను రెండింటికి హద్దు దాటుతుంది. అందుకే లంచ్ తర్వాత మళ్లీ కొలుస్తాం. ఆ సిలిండర్లను ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యకూడని పని.

ఇప్పుడు చాలాచోట్ల మామూలు గాలినే గట్టిగా కుక్కిన సిలిండర్లు వచ్చాయి. వాటికి ఎండ బాధ తక్కువ. కానీ లోపల ఒత్తిడి 3000 లేదా 4500 పీఎస్‌ఐ. కారు టైరులో ఉండేది 30, 35. సిలిండర్ మీద ఒత్తిడి పరీక్ష చేసిన తేదీ చెక్కి ఉంటుంది. మామూలుగా 5 ఏళ్లకోసారి ఆ పరీక్ష చేయించాలి. సిలిండర్‌ను గన్ను నుంచి విప్పే పని ఆటగాళ్లది కాదు. విప్పేటప్పుడు పొరపాటున వాల్వు కూడా దానితో తిరిగి ఊడితే సిలిండరే గాల్లోకి దూసుకుపోతుంది. అమెరికాలో ఇలా ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి.

ఎముక గూటిలోకి దూరే సైజు

ఒంటి మీద ఎక్కడ తగిలినా ఎర్రగా గుండ్రటి మచ్చ, ఒకటి రెండు రోజుల నొప్పి, అంతే. కంటికి మాత్రం ఎందుకంత భయం? కన్ను చుట్టూ దేవుడు ఎముక గూడు కట్టాడు. గూడు వెడల్పు సుమారు 4 సెంటీమీటర్లు. క్రికెట్ బంతి 7 సెంటీమీటర్లపైన ఉంటుంది. అది ముఖానికి తగిలితే దెబ్బలో చాలా భాగం కనుబొమ్మ ఎముక, చెంప ఎముక కాచుకుంటాయి. పెయింట్‌బాల్ 17 మిల్లీమీటర్లే కాబట్టి ఎముకను తప్పించుకుని తిన్నగా కనుగుడ్డుకే తగులుతుంది. కంటి ముందు గదిలో రక్తం చేరడం, లోపలి కటకం చెదిరి శుక్లం రావడం, వెనకనున్న రెటీనా ఊడిపోవడం, ఒక్కోసారి కనుగుడ్డే చిట్లడం ఇలా జరిగేవే. చాలావరకు ఈ గాయాలు మాస్కు లేనప్పుడో, తీసినప్పుడో అవుతాయి. ఆటలో కంటే ఆట పక్కన, 'అయిపోయింది కదా' అనుకున్న క్షణంలో.

ఎవరికైనా కంటికి తగిలిందే అనుకోండి. రుద్దొద్దు, నొక్కొద్దు, చుక్కలు వెయ్యొద్దు, రంగు పోవాలని నీళ్లు గట్టిగా కొట్టొద్దు. కంటిని తాకకుండా దాని చుట్టూ ఎముక మీద ఆనేలా ఒక కాగితం కప్పు బోర్లించి, టేపుతో అంటించి, తిన్నగా కంటి ఆసుపత్రికి. హైదరాబాద్‌లో మెహిదీపట్నం సరోజినీదేవి ఆసుపత్రి కావచ్చు, బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ కావచ్చు. నొప్పి తగ్గింది, చూపు బాగానే ఉంది అని ఇంటికి వెళ్లిపోవడం మాత్రం వద్దు. రెటీనా దెబ్బ నొప్పి పెట్టదు.

మాస్కు: అద్దం, పట్టీ, ఓపిక

కాబట్టి మాస్కు. కళ్లజోడు కాదు, బైకు హెల్మెట్ కాదు, ల్యాబ్‌లో పెట్టుకునే గాగుల్స్ కాదు, ఈత అద్దాలు అసలే కాదు. కళ్లు, ముఖం, చెవులు కప్పే, పెయింట్‌బాల్ కోసమే చేసిన మాస్కు. దీనికి ఏఎస్‌టీఎం ఎఫ్1776 అనే ప్రమాణం ఉంది. ఆ అంకె మాస్కు మీదో, దాని వివరాల కాగితంలోనో ఉండాలి. లోపలి అద్దం పాలీకార్బొనేట్. దాన్ని మేం వారానికోసారి వెలుతురుకు పెట్టి చూస్తాం. సన్నటి చీలిక కనిపించినా, లోతైన గీత పడినా, దగ్గర నుంచి గట్టి దెబ్బ తిన్నా అద్దం మారుస్తాం. దాన్ని మెత్తటి గుడ్డతో, నీళ్లతోనే తుడవాలి. కిటికీ అద్దాలు తుడిచే ద్రవాలు, పెట్రోలు, థిన్నర్ లాంటివి పాలీకార్బొనేట్‌ను లోలోపల బలహీనం చేస్తాయి. పైకి తళతళలాడుతుంది, బంతి తగిలినప్పుడు తెలుస్తుంది దాని సంగతి.

ఆటగాడు లోపలికి వెళ్లేముందు నేను మాస్కు గడ్డం పట్టుకుని పైకి, కిందికి లాగి చూస్తాను. తల కదలాలి గానీ మాస్కు కదలకూడదు. కళ్లజోడు ఉన్నవాళ్లకు వెడల్పు మాస్కు ఇస్తాం. జడ పెద్దగా ఉన్నవాళ్లు జడ కింది నుంచి కాకుండా తల వెనక ఎత్తుగా ఉన్నచోట పట్టీ వచ్చేలా బిగించుకోవాలి. గడ్డం కింద ఇంకో పట్టీ ఉంటే అది కూడా.

ఇంతా చేశాక వచ్చే అసలు శత్రువు ఆవిరి. పరుగెత్తినవాడి ఊపిరికి అద్దం మసకబారుతుంది. మొన్నటి వానాకాలంలో ఒక కాలేజీ కుర్రాడు టైర్ల గోడ వెనక కూర్చుని నా వైపు చెయ్యి ఊపాడు. వెళ్లేసరికి అప్పటికే బొటనవేలు మాస్కు అంచు కిందికి దూరింది.

"అన్నా, ఏం కనపడ్తలేదు. ఒక్క సెకను తీసి తుడ్చుకుంట."

"వేలు తియ్యి ముందు. తల నేలకు వంచు. అరచెయ్యి మాస్కు మీద పెట్టి ఒత్తుకో."

మూడుసార్లు విజిల్ వేసి, "ఆట ఆపండి, మాస్కులు ఉంచండి" అని అరిచాను. కాల్పులు జరుగుతున్న వైపుకు నా వీపు పెట్టి, అతని భుజం పట్టుకుని ఆట స్థలం చుట్టూ ఉన్న వల దాటించాను. వల అవతల, గొట్టాలన్నిటికీ తొడుగులు ఉన్నచోట, అప్పుడు తీశాడు. అద్దం లోపల నీటి బొట్లు కారుతున్నాయి. నిజంగానే ఏమీ కనపడదు. అతని తప్పేం లేదు. ఆ రెండు నిమిషాలు ఓపిక పట్టడం నేర్పడమే మా పని. రెండు పొరల అద్దాలున్న మాస్కులకు ఆవిరి తక్కువ పడుతుంది. గ్రౌండ్ దగ్గర అవి ఉన్నాయేమో అడగండి.

తొడుగు ఎప్పుడు, తాళం ఎప్పుడు

గ్రౌండ్‌లో రెండు లోకాలుంటాయి. వలకు లోపల ఆట స్థలం, బయట కూర్చునే చోటు. లోపల ఉన్నంతసేపూ ప్రతి ముఖం మీద మాస్కు. బయట ఉన్నంతసేపూ ప్రతి గన్ను గొట్టానికి గుడ్డ తొడుగు, సేఫ్టీ తాళం, ట్రిగ్గర్‌కు దూరంగా వేలు. ఆ తొడుగుకు వెనక సాగే తాడు ఉంటుంది, దాన్ని గన్ను వెనక భాగానికి తగిలిస్తే పొరపాటున బంతి పేలినా తొడుగులోనే చిక్కుతుంది. ఎవరి ముఖానికి మాస్కు లేదో అక్కడ ఏ గొట్టానికీ తొడుగు తీసి ఉండకూడదు. ఇదొక్కటి గుర్తుంటే చాలు, మిగతాది మేం చూసుకుంటాం.

పైనున్న బంతుల డబ్బా తీసేస్తే గన్ను ఖాళీ అయిందనుకుంటారు కొందరు. కాదు. లోపల ఒక బంతి కూర్చునే ఉంటుంది, గాలీ ఉంటుంది. సెల్ఫీ కోసం స్నేహితుడి నుదుటికి గన్ను గురిపెట్టే పెళ్లికొడుకు బృందాలను అందుకే గట్టిగా కసురుకుంటాను. "సరదాకి అన్నా" అంటారు. సరదా ఫొటోకు ఖాళీ డమ్మీ గన్నులు రెండు మా కౌంటర్‌లో వేరే పెట్టాం.

ఎప్పుడు అవుట్

బంతి ఒంటి మీద గానీ, మాస్కు మీద గానీ, చేతిలోని గన్ను మీద గానీ పగిలి, చిన్న నాణెమంత రంగు అంటుకుంటే అవుట్. తగిలి పగలకుండా ఎగిరిపోతే అవుట్ కాదు. పక్కనున్న గోడకు పగిలి తుంపర్లు పడితే అవుట్ కాదు. వీపు మీద పడ్డదో లేదో తెలియకపోతే "చెక్" అని అరిస్తే మార్షల్ వచ్చి చూస్తాడు. అప్పటిదాకా ఎవరూ అతన్ని కాల్చకూడదు.

అవుటైనవాడు చెయ్యి పైకెత్తి, గొంతెత్తి "అవుట్" అనాలి. ఎత్తిన చెయ్యి దించకుండా, గొట్టానికి తొడుగు వేసుకుని, ఆట స్థలం దాటి అవుటైనవాళ్ల చోటుకు నడవాలి. మాస్కు మాత్రం వల దాటేవరకు ఉండాల్సిందే. దారిలో ఆగి "ఆ డ్రమ్ము వెనక ఇద్దరున్నర్రా" అని తన జట్టుకు కబుర్లు చెప్పకూడదు. చెయ్యెత్తినవాణ్ని ఎదుటివాళ్లు కాల్చకూడదు.

రంగును చేత్తో తుడిచేసుకుని ఆడేవాళ్లు ప్రతి బస్సులోనూ ఒకరుంటారు. మా ఊళ్లో కబడ్డీలో తాకింది ఒప్పుకోనివాణ్ని మర్నాడు జట్టులోకి పిలిచేవాళ్లు కాదు. ఇక్కడ దొంగాట పరువుతో పోదు. తుడుచుకున్నవాణ్ని చూసినవాడికి ఒళ్లు మండుతుంది. ఒకటికి పది బంతులు దించుతాడు, దగ్గరికొచ్చి మరీ దించుతాడు. కోపంలో దూరం గుర్తుండదు, విజిల్ వినపడదు. మెడకూ చెవి వెనకకూ దెబ్బలు తగిలేది అలాంటప్పుడే, మాస్కు పట్టీ జారేదీ అప్పుడే. తుడుచుకున్నవాణ్ని ఆ పూటంతా బెంచీ మీద కూర్చోబెట్టడం మా గ్రౌండ్ రూలు. మేనేజరైనా, ఆ మేనేజర్‌కు మేనేజరైనా.

దగ్గర నుంచి కాల్చడానికీ హద్దుంది. పది అడుగుల లోపు చిక్కితే కాల్చకుండా "లొంగిపో" అనాలి. కొన్నిచోట్ల ఈ దూరం ఇరవై అడుగులు పెట్టుకుంటారు. గోడ మీద నుంచి గన్ను మాత్రం పెట్టి చూడకుండా కాల్చడం నిషేధం. అవతల ఎవరున్నారో, వాళ్ల మాస్కు జారిందో, కింద పడి ఉన్నారో తెలియదు కాబట్టి. మార్షల్‌ను, పక్షిని, కుక్కను, వల అవతల జనాన్ని కాల్చకూడదు. ఒకరినొకరు తొయ్యడం, పట్టుకోవడం, దిమ్మెల పైకి ఎక్కడం కుదరదు. విజిల్ వరసగా వినపడితే ఆట ఆగినట్టే. వేలు తియ్యాలి, మాస్కు మాత్రం తియ్యకూడదు.

ఒక్క బంతీ కాల్చకుండా గెలిచినవాడు

ఈ గన్ను పుట్టింది మనుషుల కోసం కాదు. అమెరికాలో అడవుల్లో నరకాల్సిన చెట్లకూ, మందల్లో పశువులకూ దూరం నుంచే రంగు గుర్తు పెట్టడానికి నెల్సన్ పెయింట్ కంపెనీ వీటిని అమ్మేది. డెయిజీ కంపెనీ తయారుచేసిన ఆ గన్ను పేరు నెల్‌స్పాట్ 007. చార్లెస్ గెయిన్స్ అనే రచయిత, హేస్ నోయెల్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ గర్న్‌సీ అనే స్నేహితుడు, ముగ్గురికీ ఒక వాదన పడింది: అడవిలో వదిలితే బతికి బట్టకట్టేది పట్నం మనిషా, పల్లె మనిషా? దాన్ని తేల్చడానికి 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ దగ్గర అడవిలో 12 మంది దిగారు. జట్లు లేవు, ఎవరికి వారే. వేర్వేరు చోట్ల పెట్టిన జెండాలు ముందు సంపాదించినవాడు గెలిచినట్టు. అప్పటి బంతుల్లో నూనె రంగు. ఒంటి మీద పడితే టర్పెంటైన్ పెట్టి తుడవాల్సి వచ్చేది. కళ్లకు వర్క్‌షాపుల్లో వాడే అద్దాలు.

గెలిచింది రిచీ వైట్ అనే అడవి పనివాడు. చడీచప్పుడు లేకుండా చెట్ల మధ్య తిరిగి జెండాలు పట్టుకొచ్చాడు. ఒక్క బంతీ కాల్చలేదు. డబ్బా ఖాళీ అయ్యేదాకా ట్రిగ్గర్ నొక్కి రెండో నిమిషంలోనే అవుటయ్యే కుర్రాళ్లకు ఈ కథ చెబుతుంటాను. ఈ ఆటలో కళ్లు కాపాడుకోవడం ఎంత ముఖ్యమో వాటిని వాడుకోవడమూ అంతే ముఖ్యం. నిలబడి చూసేవాడు, కదలాల్సిన క్షణం పట్టుకునేవాడు గెలుస్తాడు.

అమ్మలు అడిగే ప్రశ్న

"పిల్లల చేతికి గన్ను ఇచ్చి మనుషుల మీద కాల్చమనడం ఏం ఆట బాబూ?" ఒక పుట్టినరోజు పార్టీలో ఓ తల్లి నన్ను అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఈ అనుమానం మన దగ్గరే కాదు. జర్మనీలో 2009లో విన్నెండెన్ పట్టణంలో బడిలో కాల్పులు జరిగాక, అక్కడి ప్రభుత్వం పెయింట్‌బాల్‌ను నిషేధించాలని ఆలోచించి, వ్యతిరేకత రావడంతో ఆ ఆలోచన మానుకుంది. నేను ఆ తల్లితో వాదించలేదు. "ఆడించాలా వద్దా అన్నది మీ ఇష్టమమ్మా. ఆడిస్తే మాత్రం ఎలా ఆడిస్తున్నామో దగ్గరుండి చూడండి" అన్నాను. చూసింది. ఆమె కొడుకు మాస్కు పట్టీ ఆమే బిగించింది.

మా దగ్గర 12 ఏళ్లలోపు పిల్లలకు పెద్ద గన్ను ఇవ్వం. వాళ్లకు అర అంగుళం బంతులతో, తక్కువ ఊపుతో నడిచే చిన్న గన్నులు వేరే ఉంటాయి. వాటి దెబ్బ తక్కువ. మాస్కు రూలు మాత్రం రవ్వంత కూడా తక్కువ కాదు. పెద్దలనూ పిల్లలనూ ఒకే ఆటలో కలపం.

ఆన్‌లైన్‌లో దొరికే గన్నులు కొని అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద, ఫామ్‌హౌస్‌లో ఆడుకునేవాళ్లను గురించి విన్నప్పుడల్లా నాకు గుబులు. అక్కడ వేగం కొలిచే పరికరం ఉండదు, వల ఉండదు, విజిల్ ఊదేవాడు ఉండడు. రోడ్డు మీద పోయేవాళ్లను సరదాకు కాల్చడం సరదా కాదు, నేరం.

నొప్పి, బట్టలు, ఎండ

చివరికి అందరూ అడిగే ప్రశ్న: "దెబ్బ గట్టిగ తగుల్తదా?" తగులుతుంది. చురుక్కుమంటుంది. పలచటి టీషర్ట్ మీద తగిలితే మచ్చ నాలుగు రోజులుంటుంది. ఐస్ పెడితే సరి. పొడుగు చేతుల చొక్కా, వదులు ప్యాంటు, మెడకు రుమాలు, చేతులకు గ్లవ్స్ ఉంటే సగం బాధ తీరిపోతుంది. ఆడవాళ్లకు ఛాతీ కవచం, మగవాళ్లకు గజ్జల దగ్గర పెట్టుకునే కప్పు అడిగి తీసుకోండి, మొహమాటం వద్దు. చెప్పులతో రాకండి, పట్టున్న బూట్లు కావాలి. చున్నీ, గొలుసు, గాజులు, ఉంగరాలు బ్యాగులో పెట్టెయ్యండి.

గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్లు, మూర్ఛ వచ్చేవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఈమధ్య కంటి ఆపరేషన్ అయినవాళ్లు ఆడకూడదు. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ మార్షల్ చేతికి ఇచ్చి చెప్పాలి. తాగి వచ్చినవాళ్లకు గన్ను ఇవ్వం. మార్చి నుంచి జూన్ వరకు పదకొండు తర్వాత ఆడకపోవడమే మేలు. మాస్కు, పొడుగు బట్టలు, పరుగు కలిస్తే వడదెబ్బకు ఎంతోసేపు పట్టదు. ఆటకూ ఆటకూ మధ్య నీడలో కూర్చుని, నీళ్లలో ఉప్పు, పంచదార కలుపుకుని తాగండి.

డబ్బు కట్టేముందు

ఏ గ్రౌండ్‌కు ఫోన్ చేసినా ధర తర్వాత అడగండి. ముందు ఇవి అడగండి. మాస్కులు పెయింట్‌బాల్ కోసం చేసినవేనా, అద్దాలు ఎప్పుడు మార్చారు? గన్నుల వేగం ఎంత, ఎప్పుడెప్పుడు కొలుస్తారు? గొట్టాలకు తొడుగులున్నాయా? ఆట స్థలం చుట్టూ పైదాకా వల ఉందా? ఒక్కో ఆటకు మార్షల్స్ ఎంతమంది? సిలిండర్ల పరీక్ష తేదీ చూపిస్తారా? దగ్గర్లో కంటి ఆసుపత్రి ఏది, కారెక్కితే ఎంతసేపట్లో చేరతాం?

మంచి గ్రౌండ్‌లో ఈ ప్రశ్నలకు జవాబులు మీరు అడగకముందే చెబుతారు. వెళ్లాక కూడా మాస్కు సరిగ్గా పట్టలేదని రెండుసార్లు మార్చమంటే మూడోది తెచ్చిపెట్టాలి, మొహం చిట్లించకూడదు. "ఏం కాదు సార్, రోజూ ఆడిస్తుంటాం" అన్న మాట వినపడితే మాత్రం అడ్వాన్సు పోతే పోయిందనుకుని కారు వెనక్కి తిప్పండి.